గిటార్ వచ్చింది సరే... తాళం వచ్చిందా?

పుట్టినరోజుకో, టెన్త్‌లో మంచి మార్కులు వచ్చినందుకో పిల్లలు గిటార్ అడుగుతారు. మనమూ మురిసిపోయి కొనిపెడతాం. మొదటి నెలంతా ఇంట్లో సందడే సందడి. వచ్చిన చుట్టాలకి చూపించడం, ఫోటోలు తీయించుకోవడం! రెండో నెలలో వేళ్ళ చివర్లు మండుతున్నాయంటారు. మూడో నెలకి ఆ గిటార్ కాస్తా బీరువా పైకెక్కుతుంది. దులపడం మాత్రం మన వంతు!

“ఏరా, నేర్చుకోవా?” అని అడిగితే, “నాకు సంగీతం రాదులే అమ్మా” అని తేల్చేస్తారు. డబ్బులు పోయాయన్న బాధ కంటే ఆ మాటే మనసుకి గుచ్చుకుంటుంది. పద్నాలుగేళ్ళకే “నాకు రాదు” అని ముద్ర వేసుకున్న పిల్లాడు రేపు ఇంకో విద్య దగ్గరా అదే మాట అనడని ఏముంది?

చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజం కాదు. వాళ్ళకి రానిది సంగీతం కాదు, తాళం. అది సాధన చేస్తే వచ్చేదే. పైగా ఆ సాధన చేయించడానికి అమ్మకి గిటార్ వచ్చి ఉండనక్కర్లేదు. చప్పట్లు కొట్టడం, ఎనిమిది దాకా లెక్కపెట్టడం వస్తే చాలు.

తప్పు ఏ చేతిది?

గిటార్‌కి ఆరు తీగలుంటాయి. ఎడమ చేతి వేళ్ళతో తీగల్ని మెట్ల మీద నొక్కిపెట్టి, కుడి చేత్తో మీటుతారు. (ఎడమచేతి వాటం పిల్లలు కొందరు దీన్ని తిప్పి పట్టుకుంటారు. వాళ్ళ విషయంలో ఇక్కడ చెప్పేవన్నీ అటూ ఇటూ మార్చుకోండి.) రెండు మూడు వేళ్ళు వేసి, కొన్ని తీగల్ని కలిపి ఒక్కసారే మీటితే స్వరాల గుత్తి ఒకటి పలుకుతుంది. దాన్నే కార్డ్ అంటారు. చెయ్యి కిందికీ పైకీ ఆడిస్తూ తీగలన్నిటినీ మీటడాన్ని స్ట్రమ్మింగ్ అంటారు. మీ పిల్లలు ఏం చేస్తున్నారో అర్థం కావడానికి ఈ రెండు మాటలూ తెలిస్తే చాలు.

మొదటి రెండు నెలల్లో పిల్లలు నాలుగైదు కార్డ్‌లు నేర్చుకుంటారు. ఈ మైనర్, జి, సి, డి లాంటివి. ఆ కాసిని కార్డ్‌లతోనే బోలెడు పాటలు వాయించవచ్చు. అయినా వాళ్ళు వాయిస్తుంటే పాట పాటలా ఉండదు. మన పిల్లలే కదా అని బావుందంటాం కానీ, పాడబోతే పాడలేం!

ఈసారి జాగ్రత్తగా గమనించండి. పిల్లాడు ఒక కార్డ్ మీద నాలుగుసార్లు చక్కగా మీటుతాడు. తరువాతి కార్డ్ రాగానే ఆగుతాడు. ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొత్త చోటికి చేరతాయి. అంతసేపూ కుడి చెయ్యి గాల్లో ఎదురుచూస్తూ ఉంటుంది. మళ్ళీ నాలుగు మీటులు... మళ్ళీ ఆగడం. అర్థమైంది కదా! కార్డ్ తప్పు కాదు, వేళ్ళూ తప్పు కాదు. కుడి చెయ్యి ఎడమ చేతి కోసం ఆగుతోంది. అదే అసలు రోగం.

వినేవాళ్ళు ఒక స్వరం కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోరు. తాళం ఆగితే మాత్రం సంగీతం ఓనమాలు తెలియనివాళ్ళకి కూడా తెలిసిపోతుంది. పెళ్ళిలో డోలు ఒక్క క్షణం తడబడితే తాళి కట్టే హడావిడిలో ఉన్నవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు కదా!

“శ్రుతి తల్లి, లయ తండ్రి” అన్నారు పెద్దలు. మన ఇళ్ళల్లో మాత్రం ఆ తండ్రి పని కూడా తల్లే చెయ్యాలి మరి!

లయ మనకి కొత్తదా?

“నాకు సంగీతం రాదు, నేనేం చెప్పగలను?” అనుకోకండి. మన అమ్మమ్మలు ఒకే రోట్లో ఇద్దరు నిలబడి, చెరో రోకలీ పట్టుకుని వడ్లు దంచేవాళ్ళు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగాలి. రెప్పపాటు తేడా వచ్చినా రోకలీ రోకలీ ఢీకొంటాయి. అలా కాకుండా ఉండటానికే కాదు, ఒళ్ళు అలుపు తెలియకుండా ఉండటానికి కూడా దంపుళ్ళ పాటలు పాడుకునేవాళ్ళు. తిరగలికీ అంతే. కోలాటంలో కర్రకి కర్ర తగలాలన్నా, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ అందరి చప్పట్లూ ఒక్కటిగా మోగాలన్నా కావలసింది ఈ లయే. వాళ్ళలో ఎవరూ క్లాసులకి వెళ్ళి నేర్చుకోలేదు. రోజూ చేస్తే ఒంటికి పట్టింది.

గిటార్ స్ట్రమ్మింగ్ కూడా అచ్చంగా ఆ రోకలి పనే. చెయ్యి దిగడం, లేవడం, మళ్ళీ దిగడం. మధ్యలో ఆగకూడదు, అంతే.

ఇంకో సంగతి చెప్పాలి. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో చిన్న వయసులోనే కన్నుమూశారు. మాండొలిన్ కూడా గిటార్ లాగే మనది కాని వాయిద్యం. ఆయనకి సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు! గురువు పాడేవారు, శిష్యుడు దాన్ని విని తీగల మీద పలికించేవాడు. అంత పెద్ద విద్వాంసుడి చదువే అలా సాగింది. మనం అంత పాండిత్యం ఉన్నవాళ్ళం కాకపోవచ్చు. కానీ వాయిద్యం రాకపోయినా పక్కన కూర్చుని దారి చూపించవచ్చు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అమ్మ తాళం, పిల్లల గిటార్

చిన్నప్పుడు నాలుగు సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్ళకి ఆది తాళం గుర్తుండే ఉంటుంది. తెలియనివాళ్ళకి ఇప్పుడు చెబుతాను, ఒక్క నిమిషం పని. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ. తరువాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు ఒక్కొక్కటిగా లెక్క. అక్కడికి నాలుగు. మళ్ళీ దెబ్బ, ఆపైన చెయ్యి వెల్లకిలా తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. నోటితో “తక ధిమి తక జణు” అనుకుంటే ఎనిమిది అక్షరాలూ సరిపోతాయి.

ఇంగ్లీషు సంగీతంలో నాలుగు లెక్కలని ఒక బార్ అంటారు. “వన్ టూ త్రీ ఫోర్” అని గిటార్ మాస్టార్లు లెక్కపెట్టేది అదే. ఒక్కో అంకెకి చెయ్యి ఒకసారి కిందికి, ఒకసారి పైకి వెళ్తుంది. అంటే ఒక బార్‌కి చేతి కదలికలు ఎనిమిది. మన ఆది తాళం అక్షరాలు కూడా ఎనిమిదే. చూశారా, ఎంత చక్కగా కుదిరిందో!

గిటార్ క్లాసుల్లో మొదట్లోనే నేర్పే స్ట్రమ్మింగ్ ఒకటి ఉంది. “కిందికి... కిందికి పైకి... పైకి కిందికి పైకి” అని చెబుతారు. పిల్లలు తికమక పడేది ఇక్కడే. రెండు “పైకి”లు వరసగా ఎలా వస్తాయి? మధ్యలో చెయ్యి కిందికి రావాలి కదా! వస్తుంది, కానీ తీగలకి తగలకుండా గాల్లోంచి వస్తుంది. దీన్ని మన ఆది తాళంలో పెడితే ఇలా ఉంటుంది.

త – కిందికి మీటాలి
క – చెయ్యి పైకి, తీగలకి తగలదు
ధి – కిందికి మీటాలి
మి – పైకి మీటాలి
త – చెయ్యి కిందికి, తీగలకి తగలదు
క – పైకి మీటాలి
జ – కిందికి మీటాలి
ణు – పైకి మీటాలి

ఎనిమిది కదలికల్లో ఆరు పలుకుతాయి, రెండు ఖాళీ. ఆ రెండు ఖాళీల్లో కూడా చెయ్యి ఆగకూడదన్నదే కీలకం. పలకని చోట చెయ్యి ఆపేస్తే తరువాతి మీటు ఎప్పుడు వెయ్యాలో తెలియదు. ఆడుతూనే ఉంటే అది వెయ్యాల్సిన చోటే పడుతుంది. ఊయల ఊగుతున్నప్పుడు నేలని ప్రతిసారీ కాలితో తన్నం. అయినా ఊయల లెక్క తప్పదు కదా, అలాగన్నమాట.

మీరు చెయ్యాల్సిందల్లా ఎదురుగా కూర్చుని ఆది తాళం వెయ్యడం. చిటికెన వేలు దగ్గర ఒకసారి, ఐదో లెక్క దగ్గర ఒకసారి గిటార్ పలకకూడదు. పలికిందంటే తప్పిందన్నమాట. గిటార్ గురించి ఏమీ తెలియకపోయినా మీరు దీన్ని పట్టుకోగలరు. బఠాణీలు ఒలుస్తూ నోటితో లెక్కపెట్టినా సరే!

మొదట్లో కార్డ్ వెయ్యక్కర్లేదు. ఎడమ అరచెయ్యి తీగల మీద తేలిగ్గా ఆనించి ఉంచితే స్వరం రాదు, “చక్ చక్” అని చప్పుడు మాత్రం వస్తుంది. అలా ఉత్త లయే వాయించమనండి. వేళ్ళ గొడవ లేదు కాబట్టి మనసంతా తాళం మీదే ఉంటుంది. వేళ్ళ చివర్లు మండుతున్న రోజుల్లో కూడా ఈ సాధన ఆపక్కర్లేదు.

టక్ టక్ పెట్టె కథ

తాళం చెప్పడానికి రోజూ మనకి తీరిక దొరకద్దూ! దానికే మెట్రోనోమ్ ఉంది. గోపురం ఆకారంలో చెక్క పెట్టె, లోపల తాళంచెవితో బిగించే స్ప్రింగు, ముందు అటూ ఇటూ ఊగే ఊచ. ఊచ మీద చిన్న బరువు ఉంటుంది. దాన్ని పైకి జరిపితే నెమ్మదిగా, కిందికి జరిపితే వేగంగా టక్ టక్ మంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండే వింకెల్ అనే ఆయన 1814లో ఈ ఉపాయం కనిపెడితే, మెల్జెల్ అనే ఆయన దానికి అంకెలు చేర్చి 1815లో తన పేర పేటెంట్ తీసుకున్నాడు. బీథోవెన్ అంతటివాడు 1817లో తన సింఫనీలకి ఎంత వేగంలో వాయించాలో ఈ అంకెల్లో ప్రకటించాడు. అంటే అప్పటినుంచీ పెద్ద పెద్ద విద్వాంసులకి కూడా ఇది పనికొచ్చిందన్నమాట. “నాకు మెట్రోనోమ్ ఎందుకు” అనే పిల్లలకి ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు పెట్టె కొనక్కర్లేదు. ఫోన్‌లోకి ఉచితంగానే దొరుకుతుంది. అందులో కనిపించే అంకె నిమిషానికి ఎన్ని దెబ్బలో చెబుతుంది. 60 పెడితే సెకనుకి ఒకటి, అంటే మన గోడ గడియారం టిక్కు టిక్కు. కరెంటు పోయి, ఫోన్‌లో ఛార్జింగ్ లేని రోజు ఆ గడియారం కింద కూర్చుని సాధన చేసినా తప్పేం లేదు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు 60 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో టక్కుకి ఒక్కో కదలిక చెయ్యాలి. అంటే ఎనిమిది టక్కులకి ఒక ఆవృతం. అది చేతికి ఎక్కాక అదే 60లో ఒక్కో టక్కుకి రెండు కదలికలు, కిందికీ పైకీ. మనం సరళీ స్వరాలు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని పాడేవాళ్ళం చూడండి, అదే పద్ధతి. తాళం వేగం మార్చకుండా అందులో ఒకటి, రెండు, నాలుగు స్వరాలు ఇమడ్చడం. మన వాళ్ళు ఎప్పుడో కట్టిపెట్టిన ఈ మూడు కాలాల సాధన గిటార్‌కి కూడా అంతే బాగా పనికొస్తుంది.

వేగం పెంచడానికి ఒక లెక్క పెట్టుకోండి. ఒక్క తప్పూ లేకుండా వరసగా మూడుసార్లు వాయిస్తేనే 60 నుంచి 64కి వెళ్ళాలి. తప్పితే మళ్ళీ 60. నెమ్మదైన మెలొడీ పాటలు 70, 80 దగ్గర నడుస్తాయి. హుషారు పాటలు 120 దాటి పరిగెడతాయి. పిల్లలు మొదటి రోజే ఆ 120 పట్టుకోబోతారు. అక్కడే బెడిసికొడుతుంది. తప్పుతూ వేగంగా వంద సార్లు వాయిస్తే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది. పాకం ముదిరాక నీళ్ళు పోసి సరిచేసినంత కష్టం దాన్ని మాన్పించడం.

కార్డ్ మారే చోట

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. కార్డ్ మారేటప్పుడు ఎడమ చెయ్యి సమయానికి అందుకోదు. దీనికి రెండు మందులు.

మొదటిది, మార్పిడి ఒక్కటే విడిగా సాధన చెయ్యడం. ఏవైనా రెండు కార్డ్‌లు తీసుకుని, ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు ఇందులోంచి అందులోకి మారగలరో లెక్కపెట్టాలి. గడియారం చూసి “ఊఁ, మొదలుపెట్టు” అనడం మీ పని. ఇవాళ వచ్చిన అంకె క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాసిపెట్టండి. వారం తరువాత అంకె పెరుగుతుంటే పిల్లల ముఖం చూడండి, ఎవరూ బతిమాలక్కర్లేదు! ఈ మైనర్‌తో మొదలుపెడితే మంచిది, దానికి రెండు వేళ్ళు చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. ఎడమ చెయ్యి అందుకున్నా, అందుకోకపోయినా కుడి చెయ్యి ఆగకూడదు. కొత్త కార్డ్ పూర్తిగా పడకపోతే సగం పడ్డ కార్డే మీటాలి. అసలు పడకపోతే ఉత్త తీగలే మీటాలి. మొదట్లో కర్ణకఠోరంగా ఉంటుంది, పరవాలేదు. కుడి చెయ్యి ఆగదని తెలిశాక ఎడమ చెయ్యే త్వరపడటం నేర్చుకుంటుంది. స్కూల్ బస్సు ఆగి ఉంటుందనుకుంటే పిల్లలు నిదానంగా బూట్లు వేసుకుంటారు. ఆగదని తెలిస్తే? ఇదీ అంతే.

వాయించడం బాగా వచ్చినవాళ్ళు కూడా ఆవృతం చివరి మీటు దగ్గరే పాత కార్డ్ వదిలేసి వేళ్ళు కదిలిస్తారు. ఆ చివరి మీటు ఉత్త తీగల మీదే పడినా చెవికి తెలియదు. “జణు” అనే చోట “ణు”కి వేళ్ళు లేచిపోయి, మళ్ళీ “త” అనేసరికి కొత్త చోట దిగాలి. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం కష్టం తీరినట్టే.

చప్పుడు లేని పరీక్ష

మెట్రోనోమ్‌తో బాగా వాయిస్తున్నాడు, అది తీసేస్తే పరుగెడుతున్నాడు. అప్పుడెలా? చాలామంది పిల్లలు తెలిసిన చోట వేగంగా, కష్టమైన చోట నెమ్మదిగా వాయిస్తారు. స్టేజి ఎక్కితే కంగారులో మొత్తమంతా పరుగే.

దీనికో ఆట ఉంది. పిల్లాడు వాయిస్తుండగా ఫోన్ మీ చేతిలో పెట్టుకుని టక్ టక్ చప్పుడు పూర్తిగా తగ్గించెయ్యండి. మెట్రోనోమ్ మాత్రం ఆగకూడదు. మనసులో నాలుగు ఆవృతాలు లెక్కపెట్టి మళ్ళీ చప్పుడు పెంచండి. పిల్లాడి మీటూ ఫోన్ టక్కూ కలిసి పడితే లయ లోపలికి దిగినట్టు. పడకపోతే ముందుకెళ్ళాడా, వెనకబడ్డాడా అన్నది తెలిసిపోతుంది. నాలుగు ఆవృతాలు నిలిస్తే ఎనిమిది చెయ్యండి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే పోటీలు పడి మరీ ఆడతారు.

ఇంకో పద్ధతి, పాదంతో తాళం వెయ్యడం. పాదం నేలని తాకినప్పుడు చెయ్యి కిందికి, లేచినప్పుడు పైకి. ఒళ్ళంతా ఒకే లెక్కలో ఉంటే చేతికి అనుమానం ఉండదు. అలాగే వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. వాయించేటప్పుడు తెలియని తడబాటు వినేటప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు “ఇక్కడ తప్పావు” అని మనం అనక్కర్లేదు, వాళ్ళే చెబుతారు.

పక్కవాళ్ళతో కలవాలంటే

మా పక్క పోర్షన్‌లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉండేది. పద్ధతిగా క్లాసుకి వెళ్ళేది, పదిహేను కార్డ్‌లు వచ్చు. స్కూలు వార్షికోత్సవానికి పాడే గ్రూపులో చేరింది. రెండు రిహార్సల్స్ అయ్యేసరికి “నువ్వు వచ్చే ఏడు చేద్దువుగాని” అన్నారు. పాట సాగుతుంటే కార్డ్ మారిన ప్రతిసారీ ఈ పిల్ల వెనకబడిపోతోంది. కీబోర్డూ, పాడేవాళ్ళూ ముందుకెళ్ళిపోతున్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడు కార్డ్‌లు మాత్రమే వచ్చిన ఇంకో పిల్లని తీసుకున్నారట, అదీ అసలు దుఃఖం.

వాళ్ళమ్మ సాయంత్రం కూర తరుగుతూ తాళం చెప్పడం మొదలుపెట్టింది. గోడ ఇవతల ఉన్న మాకూ రోజూ వినిపించేది. మొదటి పదిహేను రోజులు ఉత్త “చక్ చక్”. తరువాత రెండు కార్డ్‌లు. నాలుగు నెలలయ్యాక ఒకరోజు ఆ అమ్మాయి వాయిస్తుంటే మా ఇంట్లో పనిచేసుకుంటూ నేనే పాట అందుకున్నాను. అంటే పాడటానికి వీలుగా వాయిస్తోందన్నమాట! మరుసటి ఏడు స్టేజి మీద వెనక వరసలో నిలబడి మూడే కార్డ్‌లు వాయించింది. ఒక్కసారి కూడా ఆగలేదు. గ్రూపులో వాయించాలంటే కావలసింది ఎన్ని కార్డ్‌లు వచ్చన్నది కాదు, పక్కవాళ్ళని వింటూ వాళ్ళతో పాటు నడవడం.

ఇళయరాజా గారి పాటల్లో గిటార్ ఎంత ముచ్చటగా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. 1976లో సంగీత దర్శకుడు కాకముందు ఆయన వేరేవాళ్ళ పాటలకి గిటార్ వాయించినవారే. ఈసారి రేడియోలో పాట వస్తే పిల్లల్ని పిలిచి, పాట వదిలేసి వెనకాల గిటార్ ఒక్కటే వినమనండి. ఎక్కడ పలుకుతోంది, ఎక్కడ ఊరుకుంటోంది అని గమనిస్తూ చప్పట్లు కొట్టమనండి. అది కూడా సాధనే, గిటార్ ముట్టుకోకుండా.

ఎనిమిది లెక్క బాగా వచ్చాక మూడు లెక్క పాటలు పట్టుకోవచ్చు. “తకిట తకిట” అనుకుంటూ మొదటిది గట్టిగా, మిగతా రెండూ తేలిగ్గా మీటితే చాలు. మన సంగీతంలో ఖండచాపు ఐదు, “తక తకిట”. మిశ్రచాపు ఏడు, “తకిట తకధిమి”. ఇవి కాస్త పెద్ద పిల్లలకి. నోటితో అనడం వస్తే చేతికి రావడం ఎంతో సేపు పట్టదు.

రోజుకి ఇరవై నిమిషాలు

ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. ఇలా పంచుకోండి.

మొదటి ఐదు నిమిషాలు: తీగలు మూసిపెట్టి, మెట్రోనోమ్‌తో ఉత్త లయ.
తరువాతి ఐదు నిమిషాలు: రెండు కార్డ్‌ల మధ్య మార్పిడి, లెక్కతో.
ఆపైన ఐదు నిమిషాలు: నేర్చుకుంటున్న పాటలో ఒక్క చరణం, నెమ్మదిగా, ఆగకుండా.
చివరి ఐదు నిమిషాలు: వాళ్ళిష్టం. ఏం వాయించుకున్నా మనం మాట్లాడకూడదు!

ఆ చివరి ఐదు నిమిషాలూ కత్తిరించకండి. అది ఉంటేనే ముందు పదిహేనూ చేస్తారు. మొదలుపెట్టే ముందు ఫోన్‌లో ట్యూనర్ పెట్టి తీగల శ్రుతి చూసుకోమనండి. శ్రుతి లేని గిటార్ మీద తాళం ఎంత బాగున్నా వాళ్ళకే విసుగొస్తుంది. గిటార్‌ని బీరువా మీద కాకుండా, కూర్చున్నచోటి నుంచి చేతికందేలా గోడకో మూలకో పెట్టండి. ఎండ మాత్రం తగలకూడదు. అపార్ట్‌మెంట్లో పక్కవాళ్ళకి ఇబ్బంది అనిపిస్తే, తీగలు కింద కట్టి ఉండే వైపు వాటి అడుగున మెత్తటి పాత గుడ్డముక్క మడిచి దూర్చండి. మోత తగ్గి లయ మాత్రం వినిపిస్తుంది. రాత్రి పూట సాధనకి బాగా పనికొస్తుంది.

చిన్నపిల్లలైతే నైలాన్ తీగల గిటార్ వేళ్ళకి మెత్తగా ఉంటుంది. ఇనప తీగలైతే మొదటి కొన్ని వారాలు మంట తప్పదు. వేలి చివర చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది. మణికట్టు, భుజం నొప్పి అంటే మాత్రం ఆపించి, కూర్చునే తీరు సరిచెయ్యమని మాస్టారిని అడగండి.

మరి మన సంగతి?

ఇంత చదివాక మీలో ఒకరిద్దరికైనా “నేను నేర్చుకుంటే?” అనిపించి ఉంటుంది. పెళ్ళికి ముందు వీణో పాటో నేర్చుకుని, గీతాల దగ్గరో వర్ణాల దగ్గరో ఆపేసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఆ రోజుల్లో వేసిన తాళం ఎక్కడికీ పోదు. పొద్దున్నే అందరూ వెళ్ళిపోయాక ఆ గిటార్ ఖాళీగానే ఉంటుంది. వేళ్ళు పిల్లల్లా చురుగ్గా తిరగకపోవచ్చు కానీ, లయ విషయంలో మనమే నాలుగాకులు ఎక్కువ చదివాం. ఓపిక కూడా మనదే ఎక్కువ.

బడి నుంచి వచ్చిన పిల్లలకి అమ్మ ఈ మైనర్ వేసి తాళంలో మీటుతూ కనిపిస్తే, వాళ్ళని సాధనకి కూర్చోమని ఇంక చెప్పక్కర్లేదు. “ఇలా కాదమ్మా, ఇటివ్వు” అంటూ వాళ్ళే వచ్చి లాక్కుంటారు. అప్పుడు మీరు గిటార్ ఇచ్చేసి, తొడ మీద ఆది తాళం మొదలుపెట్టండి.